బొమ్మ వేసే ఆసనం చాలదు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మన బదులు అవతార్ అనే బొమ్మ తిరిగే ఆన్‌లైన్ లోకం, సెకండ్ లైఫ్‌లో యోగా క్లాసులో చేరుతున్నావట, పనికొస్తుందా అని అడిగావు. పనికొస్తుంది. అయితే దేనికి పనికొస్తుందో తెలుసుకుని చేరు.

అక్కడ చాప మీద క్లిక్ చేసి కూర్చోగానే ఆసనాల మెనూ వస్తుంది. వృక్షాసనం నొక్కితే నీ అవతార్ ఒంటికాలి మీద నిలబడుతుంది, ఇసుమంతైనా ఊగదు. నువ్వేమో నడుం వంచుకుని కుర్చీలోనే ఉంటావు. అయినా ఏదో చేశామన్న తృప్తి వచ్చేస్తుంది. చాలామంది ఆగిపోయేది అక్కడే. మెనూ నొక్కగానే నువ్వు కుర్చీలోంచి లే. స్పీకర్ సౌండ్ పెంచి, నేల మీద నీ చాప పరుచుకుని, గురువు గొంతు వింటూ చెయ్యి. మాటిమాటికీ తెర వైపు చూడకు, మెడ పట్టేస్తుంది.

ముందే వచ్చిన ఆసనాలే అక్కడ చెయ్యి. గురువుకు కనిపించేది నీ బొమ్మే కదా. వీరభద్రాసనంలో నీ మోకాలు చీలమండ దాటి ముందుకెళ్లినా, తెలియకుండా ఊపిరి బిగబట్టినా సరిదిద్దేవాళ్లు ఉండరు. శీర్షాసనం, సర్వాంగాసనం, కుంభకం (ఊపిరి బిగబట్టి ఉంచడం) అయితే ఎదురుగా ఉన్న గురువు దగ్గరే నేర్చుకోవాలి. ఈ విషయంలో నేను మెత్తబడను.

విశ్రాంతికి మాత్రం అది నిజంగా మంచి చోటు. యోగనిద్రకూ, శ్వాసను గమనించడానికీ కావాల్సింది నెమ్మదిగా నడిపించే గొంతు. నలుగురితో కలిసి కూర్చున్నట్టూ ఉంటుంది, నిన్నెవరూ చూడరు కాబట్టి బిడియమూ ఉండదు. వరల్డ్ మెనూలోని ఎన్విరాన్‌మెంట్‌లో సూర్యాస్తమయం పెట్టుకో. వాయిస్‌కీ, మ్యూజిక్‌కీ, చుట్టుపక్కల శబ్దాలకీ వాల్యూమ్‌లు విడివిడిగా ఉంటాయి. గొంతు ఉంచి మిగతావి తగ్గించు. డూ నాట్ డిస్టర్బ్ పెట్టు, లేకపోతే మధ్యలో మెసేజీలు టింగుమంటాయి. ఇవన్నీ సర్దుకున్నాక మానిటర్ ఆపేసి శవాసనంలో పడుకో. ఎంత అందమైన తీరమైనా కళ్లు తెరిచి చూస్తుంటే మనసు దాని వెంటే తిరుగుతుంది.

టైము చూసుకో. అక్కడి గడియారం కాలిఫోర్నియాది. వాళ్ల సాయంత్రం 7 అంటే వేసవిలో మనకు మర్నాడు ఉదయం 7:30, చలికాలంలో 8:30. నైట్ షిఫ్ట్ చేసి వచ్చే నీకు బాగా కుదురుతుంది. తిన్న వెంటనే మాత్రం వద్దు.

చాప నీ అవతార్‌ను కదిలించడానికి అనుమతి అడిగితే ఇవ్వు. నీ ఖాతాలోంచి లిండెన్ డాలర్లు (అక్కడి డబ్బు) తీసుకోవడానికి అనుమతి కావాలని అడిగితే ఒప్పుకోకు. గురువుకు ఏదైనా ఇవ్వాలనిపిస్తే నీ అంతట నువ్వే పంపు.

కళ్లకు కట్టుకునే వీఆర్ హెడ్‌సెట్ కొంటానన్నావు. సెకండ్ లైఫ్‌కి అది అక్కర్లేదు, కంప్యూటర్ తెర చాలు. వేరే ధ్యానం యాప్‌ల కోసం కొన్నా, కూర్చున్నప్పుడే పెట్టుకో. క్వెస్ట్ 3 అనే హెడ్‌సెట్ అర కిలో పైనే ఉంటుంది. అంత బరువు తలకు కట్టుకుని ముందుకు వంగితే భారమంతా మెడ మీదే. కళ్లకు కదులుతున్నట్టు కనిపించి, లోపలి చెవికి ఆ కదలిక తెలియకపోతే కడుపులో తిప్పుతుంది. ఆ ఛాయ కనిపించగానే తీసెయ్యి, ఓర్చుకుంటే అలవాటైపోతుందిలే అనుకోవద్దు.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. చాప కెమెరాకు అడ్డంగా పరుచు, త్రికోణాసనంలో నీ నడుం ఎటు తిరుగుతోందో నేను చూస్తాను.

నీ పెద్దమ్మ