రెండు గదుల ఇంట్లో ధ్యానానికి చోటెక్కడ? మాకు బీరువా పక్కన దొరికింది

హన్మకొండలో రెండు గదుల అద్దె పోర్షన్, అత్తమామలు, ఇద్దరు పిల్లలు. బీపీ మొదలైందని డాక్టర్ రోజూ కాసేపు ధ్యానం చేయమన్నారు, విడిగా గది లేదు, ప్రశాంతంగా కూర్చునే చోటు ఎట్లా ఏర్పాటు చేసుకోవాలి, ఎంత ఖర్చవుతుంది అని మీరు అడిగారు. మీ ప్రశ్న చదువుతుంటే నాలుగేళ్ళ కిందటి మా ఇల్లే గుర్తొచ్చింది. ఖర్చు సంగతి ముందే చెప్పేస్తాను. మొదటిసారి నేను 8 వేలకు పైగా పెట్టాను, అంతా దండగ. రెండోసారి 1,200 లోపే అయింది, ఇప్పటికీ దాని మీదే కూర్చుంటున్నాను.

నేను ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్ని. మావీ రెండు గదులే, ఒక వంటిల్లు, ముందు మనిషి పట్టేంత బాల్కనీ. మా ఆయన, అత్తమ్మ, అప్పుడు ఇంటర్ చదువుతున్న కొడుకు, వాడి వెనుక బిడ్డ.

మొదట బాల్కనీని ధ్యాన మందిరం చేద్దామనుకున్నాను. ఫోన్‌లో ఫొటోలు చూసీ చూసీ ఒక ఫైబర్ బుద్ధుడు, మోటార్‌తో నీళ్ళు పారే చిన్న ఫౌంటెన్, గాలికి మోగే గంటలు, నాలుగు పూల కుండీలు తెప్పించాను. మూడో రోజు పొద్దున కోతులు వచ్చాయి. హన్మకొండ వాళ్ళకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు. మిగిలిన ఫౌంటెన్‌ని లోపల పెట్టుకుంటే మోటార్ గుర్రుమంటూనే ఉండేది. పైగా ఆ నీళ్ళ చప్పుడు వింటూ కళ్ళు మూసుకుంటే ఐదు నిమిషాలకే బాత్రూమ్‌కు పోవాలనిపించేది. నవ్వకండి, మీరూ ఒకసారి ప్రయత్నించి చూడండి.

తర్వాత దేవుడి దగ్గర కూర్చున్నాను. మా దేవుడి గూడు వంటింట్లోనే. అక్కడ అత్తమ్మ పూజ టైమూ నా టైమూ ఒకటే. ఊదుబత్తి పొగకు మా అబ్బాయికి పిల్లికూతలు మొదలయ్యేవి, ఆయాసం ఉన్న పిల్లాడు. అదీ కాక నా సంగతి నాకు తెలుసు. దేవుడి ముందు కూర్చుంటే నాకు అడగాల్సినవన్నీ గుర్తొస్తాయి: వాడి ర్యాంకు, నా బదిలీ, మా ఆయన షుగరు. అర్జీలు పెట్టుకోవడానికి అది మంచి చోటే, ఊరికే కూర్చోవడానికి నాకు కుదరలేదు. మీకు కుదిరితే ఇంకో చోటు వెతకకండి.

నా ఆలోచన మార్చింది మా బడిలో పనిచేసే ఒక సార్ చెప్పిన మాట. ఆయన నిజామాబాద్ దగ్గర పోచారంలో ఉన్న విపశ్యన ధ్యాన కేంద్రానికి 10 రోజుల శిబిరానికి పోయివచ్చారు. మౌనం గురించి, తెల్లవారుజామున 4 గంటలకే కొట్టే గంట గురించి అందరూ అడుగుతుంటే, ఆయన మాత్రం “మేడం, పది రోజులూ నా ఆసనం ఒక్కటే. రోజూ అదే చోటు. ఎక్కడ కూర్చోవాలి అన్న ఆలోచనే ఉండదు” అన్నారు. అది విన్నాక నాకు నా తప్పు తెలిసింది. నేను కూర్చునే ముందు రోజూ కుర్చీ జరపాలి, బట్టలు తీయాలి, చాప పరవాలి, ఫౌంటెన్ ప్లగ్గు పెట్టాలి. అంతా సర్దేసరికి కూర్చునే మనసే పోయేది. కాబట్టి నేను చెప్పేది ఒక్కటే: ఏమీ సర్దకుండా పోయి కూర్చోగలిగే చోటు వెతకండి. అందంగా లేకపోయినా పర్లేదు.

మాకు అది పడకగదిలో బీరువాకూ కిటికీకీ మధ్య దొరికింది. 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు. అక్కడ ఒక బియ్యం బస్తా, ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టల మూట, చక్రం ఊడిన సూట్‌కేసు ఉండేవి. బస్తా వంటింట్లోకి, సూట్‌కేసు సజ్జ మీదికి పోయాయి. బట్టల మూటకు మాత్రం ఇల్లంతా వెతికినా చోటు దొరకలేదు, చివరికి బట్టలే తగ్గించాం.

గోడకు క్యాలెండర్ ఉండేది. మన ఇళ్ళలో క్యాలెండర్ అంటే తేదీలు చూసుకునేది ఒక్కటే కాదు కదా. పాలు ఎన్ని రోజులు పోశారు, గ్యాస్ ఎప్పుడు బుక్ చేశాం, చిట్టి ఎన్నో తారీఖు కట్టాలి, అన్నీ దాని మీదే. కళ్ళు తెరిస్తే ఎదురుగా చిట్టి తారీఖు కనిపిస్తుంటే ఏం ధ్యానం? దాన్ని వంటింటి తలుపు వెనక్కి మార్చాను. బీరువా అద్దానికి పాత నూలు చీర ముక్కను పర్దాలా కట్టాను, లేకపోతే కళ్ళు తెరవగానే నా జుట్టు నేనే సవరించుకునేదాన్ని. మొత్తం మీద ఆ మూలలో నేను పెట్టినవి రెండు, తీసేసినవి నాలుగు, కప్పేసింది ఒకటి.

పెట్టిన రెండింటి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే.

పద్మాక్షి గుట్ట మీద రాతిలో చెక్కిన జైన తీర్థంకరులను మీరు చూసే ఉంటారు, బతుకమ్మకు పోయినప్పుడైనా. వాళ్ళకు మెత్త లేదు, పరుపు లేదు కదా అని నేనూ ఉత్త బండల మీద కూర్చున్నాను. పదో నిమిషానికి కాలు తిమ్మిరెక్కింది, నడుము వంగిపోయింది. కాలు పడిపోతుందేమోనని భయం కూడా వేసింది. తిమ్మిరి అంటే నరం నొక్కుకుపోవడమే, కాలు చాపితే కాసేపటికి పోతుంది. అసలు లోపం వేరే చోట ఉంది. మనం నేల మీద మఠం వేసుకుంటే మోకాళ్ళు నడుము కన్నా పైకి లేస్తాయి, అప్పుడు వెన్ను దానంతటదే గూని తిరుగుతుంది. కూర్చునే చోటు నాలుగైదు అంగుళాలు ఎత్తుగా ఉంటే మోకాళ్ళు కిందికి దిగి నేలకు ఆనుతాయి, వెన్ను నిలబడుతుంది. అంతే తేడా.

అందుకే పరుపులు కుట్టే అతని దగ్గరికి పోయి 14 అంగుళాల వెడల్పుతో గుండ్రటి మెత్త కుట్టించుకున్నాను. లోపల దూదే పెట్టమని, గట్టిగా కూరమని చెప్పాను. అతనికి నేనేం అడుగుతున్నానో అర్థం కాలేదు. “తలకిందికా అమ్మా?” అన్నాడు. కాదు, కూర్చోవడానికి అంటే “గింత గట్టిదా?” అన్నాడు. గట్టిగానే ఉండాలి. దుకాణంలో దొరికే స్పాంజి దిండు మీద కూర్చుంటే రెండు నిమిషాల్లో అణిగిపోయి మళ్ళీ నేల మీదికే వస్తాం. దూదిది కూడా కొన్నాళ్ళకు అణుగుతుంది, నెలకోసారి ఎండలో పెట్టి రెండు దెబ్బలు వేస్తే మళ్ళీ లేస్తుంది.

దాని కింద వరంగల్ కొత్తవాడలో నేసిన నూలు శత్రంజి, అంటే దర్రీ. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కానీ నేను కొన్నది అందుకు కాదు. అంతకుముందు వాడిన రబ్బరు మ్యాట్ ఎండాకాలంలో వాసన కొట్టి, కాళ్ళకు అతుక్కునేది. నూలుదైతే చెమట పీలుస్తుంది, బండల మీద జారదు, రెండు వైపులా వాడుకోవచ్చు, ఉతికి ఆరేస్తే అయిపోతుంది. చలికాలం బండలు చల్లగా ఉంటాయి, అప్పుడు రెండు మడతలు వేసుకుంటాను. చిన్న సైజుది చాలు, పెద్దది కొంటే పిల్లలు దాని మీద పడుకుని ఫోన్ చూస్తారు.

మీ అత్తగారికో మీకో మోకాళ్ళ నొప్పులుంటే ఇవేవీ వద్దు. చేతుల్లేని కుర్చీ, పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, అందకపోతే కింద పీట వేసుకోండి. వీపు ఆనించకుండా కాస్త ముందుకు జరిగి కూర్చుంటే సరిపోతుంది. కుర్చీలో చేస్తే తక్కువ ధ్యానం అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

చప్పుడు సంగతికి వస్తే, దాన్ని ఆపలేం. చెవుల్లో దూది పెట్టుకున్నాను, ఇయర్‌ఫోన్లలో వాన చప్పుడు పెట్టుకున్నాను. రెండూ వదిలేశాను. మా ఇంటికి కాజీపేట వైపు నుంచి రైలు కూత వినిపిస్తుంది, తెల్లవారుజామున మసీదు అజా, ఆ వెనకే గుడి మైకు. ఇప్పుడు అవే నాకు గంటలు. అజాకు మొదలుపెడతాను, గుడి మైకు వచ్చేదాకా కూర్చుంటాను. ఫోన్‌లో టైమర్ పెట్టే పని కూడా తప్పింది. ఫోన్ చేతికి దొరికితే ముందు వాట్సాప్ చూస్తాం కదా. చిన్న చిన్న చప్పుళ్ళు, అంటే పక్కింటి గిన్నెలు, మిక్సీ లాంటివి సీలింగ్ ఫ్యాన్ రెండో నంబర్లో తిరుగుతుంటే చాలావరకు అణిగిపోతాయి. మేలో ఎండ 43 డిగ్రీలు దాటిన రోజుల్లో కూలర్ పెట్టక తప్పదు, కానీ గాలి నేరుగా మెడకు తగలనివ్వకండి. నేను వారం రోజులు మెడ పట్టేసి తిరిగాను.

లైటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ట్యూబ్‌లైట్ ఆపేసి, వెనుక వైపు పసుపు రంగు చిన్న బల్బు ఒకటి పెట్టుకోండి. ఉప్పు రాయి దీపం కొనకండి, వానాకాలం అది చెమర్చి కింద చెక్క పాడుచేసింది. వాస్తు అడుగుతారేమో: మా మూల నైరుతి. అత్తమ్మ ఒప్పుకోలేదు. మూల మార్చలేం కాబట్టి ముఖం తూర్పుకు తిప్పుకుంటానన్నాను, రాజీ కుదిరింది.

అత్తమ్మ అంటే గుర్తొచ్చింది. మొదటి రోజు నన్ను చూసి ఆమె నిజంగానే కంగారుపడింది. “ఏందే బిడ్డా, గోడకు మొకం వెట్టి కూసున్నవ్, ఎవ్వలన్న ఏమన్నన్నరా?” అని వీపు మీద చెయ్యి వేసి అడిగింది. ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పకపోవడం నా పొరపాటు. మీరు చెప్పండి, ముఖ్యంగా పెద్దవాళ్ళకు. అలిగారనుకుంటారు. పిల్లలకైతే మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది: అమ్మ శత్రంజి మీద ఉంటే మూడింటికే పిలవాలి. పాలు పొంగితే, ఎవరైనా బెల్ కొడితే, ఎవరికైనా రక్తం కారితే. మా బిడ్డ నాలుగోది చేర్చమని చాలా రోజులు కొట్లాడింది, చార్జర్ కనిపించకపోతే పిలవొచ్చా అని. ఇప్పుడు మధ్యాహ్నం మేం లేనప్పుడు అత్తమ్మే అక్కడ గోడకు ఆనుకుని కునుకు తీస్తుందని మా ఆయన చెప్పాడు. మెత్త అంత తొందరగా ఎందుకు అణుగుతోందో అప్పుడు అర్థమైంది.

ఒక మాట, మీది బీపీ కేసు కాబట్టి. ధ్యానం మొదలుపెట్టాం కదా అని మాత్ర మానకండి. నేనూ నా మాత్ర రెండు నెలలకే మానేద్దామనుకుని డాక్టర్‌తో చీవాట్లు తిన్నాను. కూర్చోవడం కూర్చోవడమే, మాత్ర మాత్రే. మొదటి పదిహేను రోజులు 10 నిమిషాలకు మించి కూర్చోకండి, అరగంట అని పట్టు పడితే మూడో రోజుకే ఏదో పని అడ్డొస్తుంది.

మీ మామగారు రాత్రి 10 దాకా టీవీ చూస్తారని రాశారు, అంటే రాత్రి మీకు కుదరదు. పొద్దున్నే పెట్టుకోండి. ముందు మీ వాడలో నల్లా ఎన్నింటికి వస్తుందో చూసుకోండి. మాకు ఐదున్నరకు వస్తుంది. వచ్చిందంటే డ్రమ్ములు, బిందెలు, మోటార్, ఇక ఇంట్లో ఎవరికీ కూర్చునే వీలుండదు. అందుకే నేను ఐదింటికే ఆ మూలకు చేరతాను. మీకు సాయంత్రం నల్లా అయితే అదృష్టవంతులే, పొద్దున ఆరున్నర దాకా టైమ్ ఉంటుంది.