నీరుగంటి మాటలో గంట లేదు

ప్రశ్న: అయ్యా, చంద్రగిరి దగ్గర మాకు ఎకరన్నర పొలం ఉంది. మా తాతగారి కాలంనాటి భాగపరిష్కార పత్రంలో దానికి తూర్పు హద్దు ‘నీరుగంటి మాన్యము’ అని రాసి ఉంది. ఊళ్ళో అడిగితే గుడిలో గంట కొట్టేవారి మాన్యమని ఒకరు, నీళ్ళు వదిలే ముందు గంట కొట్టేవాడని మరొకరు చెప్పారు. ఇప్పుడు ఆ పొలం మా తమ్ముడి పేర రాయిస్తున్నాం. అర్థం కాని మాట ఎందుకు, తీసేద్దామని దస్తావేజు రాసే ఆయన అంటున్నారు. నీరుగంటి అంటే ఎవరు? లస్కరు, ఈయన ఒకరేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా మనసు మా ఊరి చెరువుకట్ట మీదే ఉంది. ఈ మాట నన్ను ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో!

ముందు గంట సంగతి తేల్చేద్దాం. ఇందులో గుడి గంటా లేదు, గడియారం గంటా లేదు. మడికి నీరు పెట్టడాన్ని మనం ‘నీళ్ళు కట్టడం’ అంటాం కదా. అలా నీరు కట్టేవాడు నీరుకట్టి. కకారం గకారమై నీరుగట్టి అయింది, అదే నోళ్ళలో నలిగి నీరుగంటి అయింది. సందేహం ఉంటే పొరుగు ఊళ్ళ మాట వినండి. తమిళులు ఆయనను నీర్కట్టి అంటారు, కోలారు వైపు కన్నడిగులు మనలాగే నీరుగంటి అంటారు. మూడు భాషలవారూ చెరువు మీదే బతికిన సీమ ఇది. అందుకే ముగ్గురికీ ఆ మనిషి కావలసి వచ్చాడు.

ఏడాది పొడవునా పారే నది మన చిత్తూరు సీమకు లేదు. స్వర్ణముఖి కూడా వాన పడితేనే నది. పడిన వానను చెరువులో ఆపుకొని, తూము గుండా కొంచెం కొంచెంగా వాడుకోవాలి. ఆ తూము నీరుగంటి చేతిలో ఉండేది. పాత రాతి తూముల్లో నిలువుగా ఒక పొడవాటి కర్ర, దాని అడుగున కంతకు బిగిసే చెక్క బిరడా ఉండేవి. బిరడా పట్టేస్తే ఆయన నీళ్ళలో మునిగి దాన్ని కదిలించాలి. తూము ఎత్తాక కాలువ వెంట నడుస్తూ ఎవరి మడవ, అంటే మడిలోకి నీరు పోయే గండి, ఎంతసేపు తెరవాలో, ఎప్పుడు మూయాలో చూసుకోవాలి. వానాకాలంలో కట్ట మీద తిరుగుతూ ఎండ్రకాయల బొరియలు, ఊటలు వెతకాలి. చెరువు నిండి మొరవ (అదనపు నీరు పొర్లిపోయే చోటు) పోతుంటే రాత్రంతా అక్కడే ఉండాలి.

మా పొలం ఆయకట్టు చివరన ఉండేది. ఒక ఏడు చెరువు సగం కూడా నిండలేదు. ఊరంతా రచ్చబండ దగ్గర కూర్చుని, ఎవరికెంత భూమి ఉన్నా అందులో పావు వంతుకే నీళ్ళని తీర్మానించుకున్నారు. ఆ రాత్రి మా నాన్న వెంట నేనూ లాంతరు పట్టుకుని వెళ్ళాను. తూము పక్కనే పొలమున్న పెద్దరైతు మడవ తెరిచి ఉంది, మా కాలువలో నీళ్ళు లేవు. నీరుగంటి వచ్చాడు. ఎవరినీ ఏమీ అనలేదు. పాదం నీళ్ళలో పెట్టి చూశాడు. చీలమండ దాటాయి, ఆ మడికి ఆ తడి చాలు. పారతో గడ్డితో సహా ఒక మట్టిపెళ్ళ లేపి మడవకు అడ్డం వేశాడు, మడమతో మూడుసార్లు అదిమాడు. గెనిమ (పొలం గట్టు) మీద నిలబడి పెద్దరైతు కేకలు వేస్తూనే ఉన్నాడు. కాసేపటికి మా కాలువలో నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆయనకు ఆ ఆయకట్టులో సొంత మడి లేదు. ఎవరి వైపూ మొగ్గడన్న నమ్మకం అక్కడి నుంచే వచ్చింది. బదులుగా ఊరు కొంత మాన్యం ఇచ్చింది. అది చెరువుకు దూరంగా ఉన్న మెట్ట. నూర్పిళ్ళయ్యాక ప్రతి కళ్ళంలోనూ ధాన్యం కొలిచి మేర ఇచ్చేవారు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా ఊళ్ళో ఆ పని మాలపల్లెలోని ఒక కుటుంబానిది. ఊరి పంటంతా ఆయన కాలి కొలతతో పండేది, మేర మాత్రం కళ్ళం అంచున దూరంగా నిలబడి కొంగులో పట్టించుకునేవాడు. ఆ మాట అర్థంలో ఈ అన్యాయం కూడా ఒక భాగమే. ఎవరికైనా అర్థం చెప్పేటప్పుడు దీన్ని వదలకండి.

ఇక లస్కరు. ఇద్దరూ ఒకరు కారు. లష్కర్ అంటే పారసీలో సైన్యం. ఆ మాట చివరికి కాలువల మీద పనిచేసే ప్రభుత్వ ఉద్యోగికి పేరైంది. లస్కరు పై అధికారికి జవాబుదారీ, నీరుగంటి ఊరికి జవాబుదారీ. ఆయకట్టులో బోర్లు పడ్డాక ఎవరి నీళ్ళు వారివయ్యాయి, తూము దగ్గర మనిషి అక్కరలేదనుకున్నాం. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి, అధ్యక్షులు వచ్చారు. కట్ట మీద రోజూ నడిచే మనిషి మాత్రం రాలేదు. 2021 నవంబరు వానల్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట నుంచి నీరు జారుతోందని కింది ఊళ్ళను ఖాళీ చేయించినప్పుడు, ఊట వెతికే ఆ కళ్ళు గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు.

దస్తావేజులో ఆ మాట తీయించకండి. ‘గంటి మాన్యం’ అని కుదించనివ్వకండి కూడా. ‘నీరుగంటి మాన్యము’ అని ఉన్నది ఉన్నట్టే రాయించి, పక్కన ఆ భూమి ప్రస్తుత సర్వే నంబరు వేయించండి. పాత పత్రంలోని హద్దు, కొత్త పత్రంలోని హద్దు ఒకటేనని రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది. వీలైతే ఆ మాన్యం ఏ కుటుంబానిదో ఊళ్ళో పెద్దవారిని అడిగి, వారి పేరు నాకు ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి.