తొలి విశ్వంలోని జెట్ గెలాక్సీలను లక్షల రేడియో చుక్కల్లోంచి ఎలా ఏరుతారు?

విశ్వం వయసు వంద కోట్ల ఏళ్ల చుట్టుపక్కల ఉన్ననాడే జెట్లు (నడిబొడ్డునున్న కృష్ణబిలం దగ్గర్నుంచి కాంతి వేగానికి చేరువలో దూసుకొచ్చే పదార్థపు ధారలు) చిమ్మిన గెలాక్సీలను ఎలా గుర్తిస్తారని, ఆ పని విద్యార్థి చేయగలడా అని అడిగారు. ఎం.ఎస్సీ. ప్రాజెక్టుగా ఆరు నెలలు ఇదే పని చేశాను. ఒక్కటీ దొరకలేదు గానీ, వడపోత ఎక్కడెక్కడ మోసం చేస్తుందో తెలిసింది.

సాధారణ రేడియో సర్వేలలో అంత దూరపు జెట్ జెట్‌లా కనిపించదు; ఉత్త చుక్కగానే ఉంటుంది. అందుకని పౌనఃపున్యం పెరిగేకొద్దీ దాని తీవ్రత ఎంత నిటారుగా పడిపోతుందో చూస్తారు; ఎంత నిటారైతే అంత దూరపుదయ్యే అవకాశం ఎక్కువ. పుణెకు ఉత్తరాన ఖొడద్‌లో ఉన్న రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ 150 మెగాహెర్ట్జ్ వద్ద చేసిన టీజీఎస్ఎస్ సర్వేలో సుమారు 6.2 లక్షల రేడియో మూలాలు ఉన్నాయి. వాటిని అమెరికాలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోపు 1,400 మెగాహెర్ట్జ్ వద్ద చేసిన ఎన్‌వీఎస్ఎస్ జాబితాతో జతచేశాను. మామూలు రేడియో గెలాక్సీ తీవ్రత ఈ రెండింటి మధ్య ఐదారు రెట్లు తగ్గుతుంది. నేను కనీసం పద్దెనిమిది రెట్లు తగ్గినవాటినే ఉంచుకున్నాను. దూరానికీ ఈ నిటారుతనానికీ సంబంధం ఎందుకన్నది ఇంకా తేలలేదు, కానీ ఆ సూత్రం ఫలించిన మాట నిజం. 1999లో ప్రకటించిన టీఎన్ జె0924-2201 అనే గెలాక్సీ ఇలాగే దొరికింది. దాని రెడ్‌షిఫ్ట్ (విశ్వ విస్తరణ వల్ల కాంతి తరంగం ఎంత సాగిందో చెప్పే కొలత; ఎంత ఎక్కువైతే అంత దూరం) 5.19, అంటే 121.6 నానోమీటర్ల వద్ద బయలుదేరిన హైడ్రోజన్ రేఖ మనకు 753 నానోమీటర్ల దగ్గర చేరుతుంది. వర్ణపటంలో ఆ రేఖ కనబడేదాకా ఏ చుక్కయినా అభ్యర్థి మాత్రమే.

నాకు మిగిలిన అభ్యర్థులలో ఒకటి ముచ్చటగా ఉండేది: బాగా నిటారు, దృశ్యకాంతి చిత్రాల్లో ఆ చోట ఏమీ లేదు. రెండు వారాలు దాని చుట్టూ తిరిగాక మా గైడు పల్సార్ల (గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు చిమ్మే మృత తారల) జాబితా తెరిచి చూపించారు. అది మన పాలపుంతలోదే, ఎప్పుడో నమోదైన పల్సార్. పల్సార్ల వర్ణపటమూ నిటారే, దృశ్యకాంతిలో అవీ చాలావరకు కనబడవు. (ఆ రోజు మధ్యాహ్నం భోజనం సహించలేదు.)

అసలు ఇవి ఇంత అరుదుగా దొరకడానికి ఒక కారణం, మహా విస్ఫోటనం నాటి నుంచి విశ్వమంతా నిండి ఉన్న విశ్వ నేపథ్య వికిరణమే. దాని శక్తి సాంద్రత, రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపి నాలుగో ఘాతానికి హెచ్చిస్తే వచ్చినన్ని రెట్లు ఉంటుంది. రెడ్‌షిఫ్ట్ 7 వద్ద అది నేటికి 4,096 రెట్లు. జెట్ కొసన మేఘాల్లా విస్తరించిన భాగాల్లోని, అంటే లోబుల్లోని ఎలక్ట్రాన్లు తమ శక్తిని రేడియో తరంగాలుగా వెలువరించే ముందే ఆ ఫోటాన్లకు ధారపోసి, ఎక్స్-కిరణాలుగా మార్చేస్తాయి. అందువల్ల జెట్ ఉన్నా రేడియోలో లోబులు వెలవెలబోతాయి.

బ్లేజార్ అనే రకం గెలాక్సీకి ఈ చిక్కు తక్కువ, ఎందుకంటే దాని జెట్ సూటిగా మన వైపే గురిపెట్టి ఉంటుంది; లోబులు వెలవెలబోయినా జెట్టే ప్రకాశవంతంగా కనిపిస్తుంది. 2024 డిసెంబరులో రెడ్‌షిఫ్ట్ 7 వద్ద ఒకటి ప్రకటించారు. దాని కృష్ణబిలం సుమారు 70 కోట్ల సూర్యుల బరువు. జెట్ వేగం కాంతి వేగంలో 99.5 శాతం అనుకుంటే, మన వైపు తిరిగిన ప్రతి ఒక్కదానికీ వేరే దిక్కులకు తిరిగినవి దాదాపు రెండు వందలు ఉండాలి. అయితే బ్లేజార్ల వర్ణపటం సాధారణంగా చదునుగా ఉంటుంది కనుక, నా వడపోత వాటిని మొదటి మెట్టులోనే పారేసి ఉండేది. వాటికోసం రేడియో జాబితాను, దృశ్యకాంతిలో మాయమై పరారుణంలో కనిపించే వస్తువులతో జతచేయాలి.

విద్యార్థి తప్పక చేయగలడు, జాబితాలన్నీ ఉచితంగానే దొరుకుతాయి. పల్సార్ల జాబితాతో మాత్రం మొదటి రోజే సరిచూసుకోండి.