‘పోటెత్తింది’ అని ఎప్పుడు రాయాలి?

మన పత్రిక విశాఖ జిల్లా డెస్కులో కొత్తగా చేరినవారి ప్రశ్న ఇది: ‘అలలు పోటెత్తాయి’ అని రాస్తే సీనియర్ కొట్టేశారు, సింహాచలం ఐటమ్‌లో (వార్తలో) ‘భక్తులు పోటెత్తారు’ అంటే వదిలేశారు, ఎందుకు?

కొట్టేయడం సరైనదే. పోటు అంటే అల కాదు, నీటిమట్టం మెల్లగా పెరగడం. అది తిరిగి తగ్గడం పాటు, దీన్నే ఆటు అనీ అంటారు. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ ఉదయం 6కు వచ్చిన పోటు రేపు 6.50 ప్రాంతంలో వస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. పాటులో కూడా పెద్ద అలలు రావచ్చు, పోటు వేళ సముద్రం ప్రశాంతంగానే ఉండవచ్చు. ఆర్కే బీచ్‌లో గాలికి లేచేవాటికి ‘ఎగసిపడ్డాయి’ చాలు.

ఈ తేడా ప్రాణాల మీదకు తెచ్చేది తుపాను రోజుల్లో. వాతావరణ శాఖ బులెటిన్‌లో ఇంగ్లిషులో ఒక వాక్యం వస్తుంది: ఖగోళ పోటుకు (సూర్యచంద్రుల ఆకర్షణతో ఎలాగూ వచ్చే పోటుకు) మించి మీటరు మేర ఉప్పెన వచ్చి పల్లపు ప్రాంతాలు మునగవచ్చని. డెస్కు దాటేసరికి అది ‘మీటరు ఎత్తున అలలు’ అయిపోతుంది. మీటరు అలను విశాఖలో ఎవరు లెక్కచేస్తారు? రోజూ చూసేదే కదా. బులెటిన్ చెప్పింది అది కాదు. ఆ వేళకు ఎలాగూ ఉండే మట్టం మీద ఇంకో మీటరు నీరు చేరుతుంది, అలలు ఆ పైన వస్తాయి. తుపాను తీరం దాటే వేళ, పోటు వేళ ఒకటైతే నీరు ఇళ్లలోకి వస్తుంది. పాటులో దాటితే ముంపు తగ్గుతుంది. అందుకని ఐటమ్ మొదలుపెట్టే ముందు ఆ రెండు వేళలూ పక్కపక్కన రాసుకోండి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే పట్టికల్లో విశాఖ రేవు పోటు వేళలు దొరుకుతాయి. అప్పుడు లీడ్, అంటే వార్త తొలి వాక్యం, ఇలా వస్తుంది: ‘రాత్రి 9 గంటల పోటు సమయానికి సముద్రమట్టం మామూలు కంటే మీటరు పెరగవచ్చు, అలలు దానికి అదనం.’

ఆ రోజు పేజీలో ‘పునరావాస కేంద్రాలకు పోటెత్తిన జనం’ అనే హెడ్డింగ్ పెట్టకండి. ‘ఉప్పెనలా నిరసన’ కూడా వద్దు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను మరవని తీరం ఇది.

ఇక సింహాచలం. పోటు ఒక వేళకు వస్తుంది, మట్టం అంతటా పెరుగుతుంది. ఆషాఢ పౌర్ణమికి ముందు జరిగే 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకు కొండ దిగువన తొలిమెట్టయిన తొలిపావంచా దగ్గర మొదలై రాత్రికి రోడ్లన్నీ నిండే జనానికి ఆ మాట చక్కగా అతుకుతుంది. మామూలు ఆదివారం క్యూ పెరిగితే అది రద్దీ, అంతే. అయితే ప్రదక్షిణ దారిలో సముద్రస్నానం చేసేవారి గురించి రాస్తూ ‘అప్పూఘర్ తీరానికి పోటెత్తిన భక్తులు’ అనకండి. పక్కనే సముద్రం ఉండటంతో మాట అసలు అర్థం ముందుకొచ్చి, పోటెత్తింది నీరా జనమా అని చదివేవారు ఆగిపోతారు. అక్కడ ‘తరలివచ్చారు’ అంటే హాయిగా ఉంటుంది.

మార్కెట్ ఐటమ్‌లో సూచీ పొద్దుటి నుంచి పడుతూనే ఉంటే ‘ఆటుపోట్లు’ తప్పు. ఆటు తగ్గడం, పోటు పెరగడం, రెండూ జరిగి ఉండాలి.

పొడవడం నుంచి వచ్చిన పోటుతోనూ జాగ్రత్త. క్రైమ్ ఐటమ్‌లో ‘వీపులో కత్తితో పొడిచాడు’ అని రాయండి, ‘వెన్నుపోటు’ అంటే నమ్మకద్రోహం అనుకుంటారు. రాజకీయ వార్తలో వెన్నుపోటు ఒక ఆరోపణ, అన్నవారి పేరుతోనే వెళ్లాలి, మన మాటగా కాదు. గుండెపోటు అలంకారమే కాదు, వైద్యులు తేల్చాల్సిన కారణం. వాళ్లు చెప్పేదాకా ‘కుప్పకూలి మృతి’ అని ఆపేయండి.