వెదర్ యాప్ మార్చకండి, ముందు అందులో ఊరి పేరు చూడండి

"బయట వాన కురుస్తుంటే నా ఫోన్‌లో వెదర్ యాప్ ఎండ బొమ్మ చూపిస్తోంది. హోమ్ స్క్రీన్ మీద వాతావరణం చూపించే విడ్జెట్ అసలు కదలడం లేదు. తీసేసి మళ్లీ వేసుకున్నా అంతే. సరిగ్గా పనిచేసే యాప్ ఏదైనా చెప్పండి" అని అడిగారు.

యాప్ మార్చనక్కర్లేదండీ. సత్తెనపల్లి వైపు ఒక మండల కేంద్రంలో నాకు మొబైల్ సర్వీసింగ్ షాపు ఉంది. ఇదే మాట చెప్తూ ఫోన్ నా చేతికిచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాటిలో అంచనా నిజంగా తప్పినవి చాలా తక్కువ. వేరే ఊరి వాతావరణమో, నిన్నటి వాతావరణమో చూపించే ఫోన్లే ఎక్కువ. పదింట తొమ్మిది అంతేనని గట్టిగా చెప్తాను.

కాబట్టి యాప్ తెరవగానే సూర్యుడి బొమ్మ, డిగ్రీలు చూడకండి. ముందు పైన ఏ ఊరి పేరుందో చూడండి. తర్వాత ఆ సమాచారం ఎన్నింటికి వచ్చిందో చూడండి. చాలా యాప్‌లలో అది అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ రెండూ సరిపోయాకే మిగతాది చదవాలి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో మా మామయ్య సంగతి చెప్తే మీకే తెలుస్తుంది. మార్చి నెల. మామయ్య తేజ రకం మిర్చి కల్లంలో ఆరబోసి ఉంది. మర్నాడు టిక్కీలకు (గోతాలకు) ఎత్తి గుంటూరు యార్డుకు పంపాలని అనుకున్నారు. అమ్మ ఇచ్చిన పచ్చడి సీసా ఇద్దామని సాయంత్రం నేను అటు వెళ్లాను. విపరీతమైన ఉక్క. పడమర నల్లమల దిక్కున మబ్బు లేస్తోంది. కల్లంలో చూస్తే పట్టాలు మడతపెట్టి గోడ పక్కన పడేసి ఉన్నాయి. కూలీలు క్యారియర్లు సర్దుకుని ఇళ్లకు బయల్దేరుతున్నారు.

"మామయ్యా, కాయ కుప్పలు చేయించి పట్టాలు కప్పిద్దాం" అన్నాను. ఆయన జేబులోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టారు. "ఇదిగో, నువ్వే చూడు అల్లుడూ. రేపు కూడా ఎండే చూపిస్తోంది. ఇప్పుడు కప్పామంటే లోపల ఉమ్మగిల్లుద్ది. ఒక్క పూట ఆగు" అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. పూర్తిగా ఆరని కాయను పట్టా కింద పెడితే చెమ్మ పట్టి రంగు పోతుంది. పైగా కూలీలను ఆపితే కూలి డబ్బులు అదనం.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పైన ఊరి పేరు హైదరాబాద్ అని ఉంది. ఆ ఫోన్ కొనిచ్చింది కూకట్‌పల్లిలో ఉండే మా బావ. సిమ్ వేయడం, యాప్‌లు పెట్టడం అన్నీ అక్కడే చేసి పండక్కి వచ్చినప్పుడు తెచ్చిచ్చాడు. ఆ రోజు సేవ్ అయిన ఊరు అలాగే ఉండిపోయింది. బ్యాటరీ ఆదా అవుతుందని ఎవరో చెప్తే మామయ్య లొకేషన్ ఆపేశారు. అడుగున టైము చూస్తే ముందు రోజు ఉదయానిది. అంటే ఆయన చూస్తున్నది రెండు వందల కిలోమీటర్ల అవతలి ఊరికి నిన్న పొద్దున వేసిన అంచనా. దాన్ని నమ్ముకుని ఏడాది కష్టాన్ని ఆకాశం కింద పరిచి కూర్చున్నారు.

లొకేషన్ ఆన్ చేసి, ఊరు మార్చి రిఫ్రెష్ చేశాను. ఉరుములతో వాన బొమ్మ వచ్చింది. మామయ్య అప్పటికీ నమ్మలేదు. "ఇందాక ఎండన్నది, ఇప్పుడు వానంటోంది. దీన్నెట్టా నమ్మేది?" అన్నారు. అప్పుడు నా ఫోన్‌లో వాతావరణ శాఖ వారి మచిలీపట్నం రాడార్ చిత్రం తెరిచాను, వాన మబ్బు ఎక్కడుందో రంగుల్లో చూపేది. మా ఊళ్లకు పడమరగా పసుపు, ఎరుపు రంగులు బారులు తీరి ఉన్నాయి. కాసేపు ఆగి మళ్లీ తెరిచి చూపిస్తే ఆ బారు మా వైపే జరుగుతోందని ఆయనకే కనిపించింది. ఇంకేమీ అడగలేదు. లేచి కూలీలను కేకేశారు.

అత్తయ్య కొంగు నడుముకు దోపి కాయ దగ్గరికి లాగడం మొదలుపెట్టింది. పక్క కల్లం వాళ్లూ వచ్చారు. ఘాటుకు అందరం దగ్గుతున్నాం, కళ్లు మండిపోతున్నాయి. ఇంతలో గాలి అందుకుంది. పట్టా ఒక మూల పట్టుకుంటే ఇంకో మూల లేచిపోతోంది. దొరికిన రాళ్లన్నీ పైన పెట్టాం. చివరి కుప్ప కప్పకముందే చినుకులు మొదలై, కాసేపటికి వడగళ్లు కూడా పడ్డాయి. ఆ ఒక్క కుప్పా తడిసి తర్వాత తాలు కింద పోయింది. తాలంటే రంగు పోయిన నాసి కాయ, దానికి మంచి కాయ ధర రాదు. మిగతా పంటంతా దక్కింది. ఊళ్లో కల్లమంతా తడిసిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరి ఫోన్లు తర్వాత నా దగ్గరికి వచ్చాయి. వాటిల్లోనూ ఇదే కథ. లొకేషన్ ఆఫ్‌లో ఉంది, విడ్జెట్ ఎప్పుడో ఆగిపోయింది. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఇప్పుడు మీ ఫోన్ సంగతికి వద్దాం. విడ్జెట్ కదలకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ బ్యాటరీ సెట్టింగే. మీరు కాసేపు తెరవని యాప్‌ను ఫోన్ నిద్రపుచ్చుతుంది. నిద్రపోయిన యాప్ కొత్త సమాచారం తెచ్చుకోలేదు, పాత బొమ్మే స్క్రీన్ మీద మిగిలిపోతుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి ఆ వెదర్ యాప్ తెరిచి, బ్యాటరీ దగ్గర "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి. కొన్ని ఫోన్లలో దీనికి తోడు "ఆటోస్టార్ట్" అని విడిగా ఉంటుంది. అదీ ఆన్ చేయాలి. డేటా సేవర్ ఆన్‌లో ఉంటే ఈ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి. ఇన్ని చేసినా విడ్జెట్ నిమిషం నిమిషం మారుతుందని అనుకోవద్దు. అరగంటకో గంటకో ఒకసారి మారితే అది బాగా పనిచేస్తున్నట్టే.

తీసేసి మళ్లీ వేసుకున్నా లాభం లేదన్నారు కదా, ఎందుకుంటుంది? కొత్తగా వేసుకోగానే పర్మిషన్లన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. లొకేషన్ అడిగినప్పుడు మనం తొందరలో "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అన్నదాని మీద నొక్కేస్తాం. విడ్జెట్‌కు అది చాలదు, "ఎల్లప్పుడూ" అని ఇవ్వాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి కచ్చితమైన లొకేషనా, సుమారు లొకేషనా అని కూడా అడుగుతోంది. ఐఫోన్‌లోనూ ఇలాంటి మీట ఉంది. కచ్చితమైనదే ఎంచుకోండి. ఇదేదీ ఇవ్వకపోతే కొన్ని యాప్‌లు ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామాను బట్టి ఊరిని ఊహిస్తాయి. పల్లెలో కూర్చున్నవాళ్లకు హైదరాబాదో చెన్నైయో కనిపించేది అందుకే.

ఇంకొకటి, ఎవరూ అనుమానించనిది: ఫోన్‌లో తేదీ, టైము తప్పుగా ఉంటే యాప్ సర్వర్‌తో మాట్లాడలేక ఖాళీ స్క్రీన్ చూపిస్తుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయి ఆగిన పాత ఫోన్లలో ఇది చూస్తుంటాను. ఆటోమేటిక్ టైము పెడితే అయిపోతుంది.

ఫోన్ శుభ్రం చేస్తామని చెప్పే ఆ క్లీనర్ యాప్‌లను మాత్రం ఈ రోజే తీసేయండి. వెనకాల నడిచేవాటిని ఆపేయడమే వాటి పని. ఆగిపోయేవాటిలో మీ వెదర్ యాప్, పిడుగు హెచ్చరికల యాప్ కూడా ఉంటాయి. ఫోన్ స్పీడైందన్న తృప్తి తప్ప వాటితో వచ్చే లాభం నేను ఒక్క ఫోన్‌లో కూడా చూడలేదు.

రైతులకు నేను చెప్పేది వేరు. మీ పొలం ఎక్కడికీ కదలదు. లొకేషన్‌తో పని లేకుండా మీ ఊరిని చేత్తో సెట్ చేసి పెట్టుకోండి. బ్యాటరీ బాధ కూడా ఉండదు. అయితే ఊరి పేరు వెతికేటప్పుడు జిల్లా తప్పకుండా చూసుకోండి. గోదావరి ఒడ్డున పశ్చిమ గోదావరిలో ఒక నరసాపురం ఉంది, మెదక్ జిల్లాలో ఒక నర్సాపూర్ ఉంది. యాప్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఒకటి సముద్రానికి దగ్గర, ఇంకొకటి పీఠభూమి మీద. కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లయితే జిల్లాకు నాలుగు తగులుతాయి. మీ ఊరు జాబితాలో లేకపోతే మ్యాప్ మీద మీ పొలం ఉన్నచోట వేలు నొక్కి ఉంచే సదుపాయం కొన్ని యాప్‌లలో ఉంది. అన్నిటికన్నా అది మేలు.

ఊరు సరిగ్గా ఉండి, సమాచారం తాజాగా ఉండి కూడా వాన లెక్క తప్పుతోందా? అప్పుడు యాప్ వెనకున్న లెక్క సంగతి తెలుసుకోవాలి. ఆకాశాన్ని గడులుగా విడగొట్టి కంప్యూటర్లు అంచనా వేస్తాయి. చాలా యాప్‌లు ఆధారపడే అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ అనే మోడల్‌లో (అంచనా వేసే కంప్యూటర్ లెక్కలో) ఒక్కో గడి సుమారు 13 కిలోమీటర్లు, యూరప్ వాళ్లది సుమారు 9. మన వాతావరణ శాఖ 2025 మే నెలలో 6 కిలోమీటర్ల గడితో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ మొదలుపెట్టింది. వేసవి సాయంత్రం మబ్బు ఒక ఊళ్లో దంచికొట్టి పక్క ఊళ్లో చుక్క రాల్చకుండా వెళ్లిపోతుంది. అంత చిన్న మబ్బు ఇంత పెద్ద గడిలో ఎక్కడ పడుతుందో ముందు రోజే చెప్పడం కష్టం. అదే తుపానో, అల్పపీడనమో అయితే అంచనాలు ఎంతో నయం. రెండు యాప్‌లు రెండు రకాలుగా చెప్పడం కూడా అందుకే. అవి వేర్వేరు మోడళ్లను చదువుతుంటాయి, అంతే.

వాన అవకాశం 40 శాతం అంటే రోజులో 40 శాతం సేపు పడుతుందని కాదు. అలాంటి రోజులు పది వస్తే నాలుగింట్లో మీ దగ్గర వాన పడొచ్చని. కల్లంలో కాయ ఉన్నవాళ్లకు 20 శాతం కూడా ఎక్కువే. పెళ్లి పందిరి వేసినవాళ్లకూ అంతే.

వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే స్క్రీన్‌షాట్ల మీద నాకు చాలా కోపం ఉంది. తేదీ ఉండదు, ఊరు ఉండదు, ఎర్రటి సుడి బొమ్మ ఒకటి ఉంటుంది. పోయిన ఏటి తుపాను బొమ్మను ఈ ఏడు తిప్పుతుంటారు. యూట్యూబ్‌లో అయితే ప్రతి అల్పపీడనానికీ "మహా ప్రళయం" అని పెద్ద అక్షరాలు. వాతావరణ శాఖ లెక్కలో భారీ వర్షమంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. దానికి మించితే అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఎల్లో, ఆరెంజ్, రెడ్ హెచ్చరికలు దేనికెప్పుడో వాళ్లు స్పష్టంగా చెప్తారు. అది చదివే ఓపిక లేక కేకలు పెట్టే వీడియో చూసి టెన్షన్ పడే జనం, అసలైన రెడ్ అలర్ట్ వచ్చిన రోజు పట్టించుకోరు. ఇది ప్రాణాల మీదకు తెచ్చే అలవాటు.

ఏ యాప్ అని అడిగారు కాబట్టి చెప్తున్నాను. మీ ఫోన్‌లో ఉన్నదాన్ని సరిచేసుకుని, దాని పక్కన ప్రభుత్వానివి పెట్టుకోండి. "మౌసమ్" వాతావరణ శాఖది, 2020లో వచ్చింది. రాబోయే మూడు గంటల అంచనా, రాడార్ చిత్రాలు అందులో దొరుకుతాయి. వ్యవసాయం ఉంటే "మేఘదూత్" వేసుకోండి, మంగళ, శుక్రవారాల్లో జిల్లా వారీ పంట సలహాలు ఇస్తారు. పొలం పనికి వెళ్లేవాళ్లందరి ఫోన్లోనూ పుణేలోని ఉష్ణదేశ వాతావరణ సంస్థ తెచ్చిన "దామిని" ఉండాలి. దగ్గరలో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. దానికి మాత్రం లొకేషన్ ఆన్‌లోనే ఉండాలి.

రాడార్ చిత్రం చూసేటప్పుడు దాని మీద టైము కూడా చదవండి. అది యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికమైన టైములో ఉంటే 5:30 గంటలు కలిపితే మన టైము వస్తుంది. రాడార్ మరమ్మతులో ఉంటే పాత చిత్రమే అక్కడ నిలిచి ఉంటుంది. కోస్తా వాళ్లకు విశాఖపట్నం, మచిలీపట్నం, నెల్లూరు వైపు వాళ్లకు శ్రీహరికోట, తెలంగాణ వాళ్లకు హైదరాబాద్ రాడార్ పనికొస్తాయి. మీ ఊరికి దగ్గరున్నదేదో ఒకసారి గుర్తుపెట్టుకుంటే చాలు.

ముందు బ్యాటరీ, లొకేషన్ సెట్టింగులు మార్చి ఒక రోజు చూడండి. అప్పటికీ విడ్జెట్ కదలకపోతే ఫోన్ ఏ కంపెనీదో, ఆండ్రాయిడ్ ఎన్నో వెర్షనో కింద రాయండి. ఒక్కో కంపెనీ ఈ సెట్టింగ్‌ను ఒక్కోచోట దాస్తుంది, మీ ఫోన్‌లో ఎక్కడుందో చెప్తాను.