తేనెటీగల జబ్బుల మీద పరిశోధన చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

తిరుపతిలో బీఎస్సీ అగ్రికల్చర్ చదువుతున్న మీ అమ్మాయి తేనెటీగల రోగాల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది, ఉద్యోగం వస్తుందా అని అడిగారు.

వస్తుంది. కాకపోతే కీటక శాస్త్రం పేరు మీద వస్తుంది. ఎమ్మెస్సీ ఎంటమాలజీ, ఆపైన నెట్, ఏఆర్ఎస్ (వ్యవసాయ అధ్యాపక, శాస్త్రవేత్త పోస్టుల) పరీక్షలు రాసి పోస్టులో చేరాక వరి సుడిదోమ చూడమంటే అదే చూడాలి. నేనూ అలా వచ్చినదాన్నే. ఈగల పని కోసం పైవాళ్ల ప్రాణం తీయాల్సి వచ్చింది.

జీతాల సంగతి ఇంకెవరైనా చెబుతారు. నన్నడిగితే ఈ పనికి ముందు కావాల్సింది కళ్లు, ముక్కు. రోగాన్ని జన్యు పరీక్షతో పట్టే పీసీఆర్ మిషన్ ఆ తర్వాతే. ఒకసారి దామలచెరువు దగ్గర మామిడి తోటలో ఒక పెద్దాయన పుట్టతేనె (మన దేశవాళీ తేనెటీగ) పెట్టెల్లో ఈగలు తగ్గిపోతున్నాయంటే వెళ్లాను. ఫ్రేము ఎత్తి చూస్తే కొన్ని గదుల మూతలకు చిల్లులు. లోపల పిల్లపురుగులు తల పైకెత్తి, పడవలా వంగి చచ్చి ఉన్నాయి. పట్టకారుతో ఒకదాన్ని లాగితే తెగకుండా నీళ్ల తిత్తిలా ఊడి వచ్చింది. పుల్లటి వాసన లేదు, అగ్గిపుల్లతో కెలికితే జిగురు తీగ సాగలేదు. అంటే పిల్లపురుగులను కుళ్లబెట్టే బ్యాక్టీరియా రోగాలు, ఆ రెండు రకాల ఫౌల్‌బ్రూడ్‌లూ కావు. థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్. 1991-92లో దక్షిణాదిలో పుట్టతేనె పెట్టెలను ఊడ్చిపెట్టింది ఇదే.

ఆయన అప్పటికే ఎవరో చెప్పారని టెట్రాసైక్లిన్ గొట్టాలు విప్పి చక్కెర పాకంలో కలిపి పోశాడు. వైరస్‌కు యాంటీబయాటిక్ ఏం చేస్తుంది, తేనె పాడవడం తప్ప! దీనికి మందు లేదు, రాణి ఈగను కొన్నాళ్లు పంజరంలో పెట్టి గుడ్లు ఆపుదాం, పిల్లపురుగులు లేకపోతే రోగం గొలుసు తెగుతుంది అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "మందు లేని రోగాన్ని చూసేదానికి ఇంత దూరం వచ్చినావా తల్లీ?" అన్నాడు. పీహెచ్‌డీ వైవాలో కూడా నన్నెవరూ అంత గట్టి ప్రశ్న అడగలేదు.

నా కడుపుమంట ఏమిటంటే, సబ్సిడీ పెట్టెలు పంచేటప్పుడు ఫొటోలకు అందరూ నిలబడతారు. ఆర్నెల్ల తర్వాత ఆ పెట్టె మూత తీసి చూసే నాథుడుండడు. ఇంకోవైపు మామిడి పూత మీద తేనెమంచు పురుగుకని ఇమిడాక్లోప్రిడ్ కొట్టేస్తారు. పూత విచ్చుకోక ముందే కొట్టండయ్యా అంటే వినరు. తెల్లారి పెట్టె ముందు ఈగలు కుప్పగా రాలితే "రోగమొచ్చింది మేడం" అని నాకు ఫోను. మన వైపు నా లెక్క ఒకటే: పిల్లపురుగులు చస్తే రోగం, ఎగిరే ఈగలు ఒక్కసారిగా రాలితే పక్క తోట మందు. ఈగల ఒంటిని పట్టుకుని బతికే వర్రోవా నల్లుల సంగతేంటని వాదించేవాళ్లు ముందు ఒక పూత కాలం చంద్రగిరి నుంచి బంగారుపాళెం దాకా తిరిగి రండి.

అమ్మాయిని ఎమ్మెస్సీ సీటుకు ముందు ఎవరి పెట్టెల దగ్గరైనా ఒక నెల పని చేయమనండి. ఈగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడని రకమైతే మాత్రం ఇప్పుడే వేరే సబ్జెక్టు చూసుకోవాలి.