చేతిరాత బాగుంటే ఫాంట్ డిజైనర్ కావచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. రాత ముత్యాల్లా ఉంటుంది. పెండ్లి కార్డుల మీద ఉండే వంపుల అక్షరాల తెలుగు ఫాంట్ తయారుచేస్తానంటోంది. ఇందులో బతుకుదెరువు ఉంటుందా? – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ఉంటుంది, కానీ ఫాంట్ల మీదే ఆధారపడితే కష్టం. అచ్చంగా ఫాంట్ డిజైనర్లకు నెల జీతమిచ్చే చోట్లు తక్కువ. లోగోలు, టైటిళ్లు, ప్యాకింగ్ అక్షరాలు గీస్తూ పక్కన ఫాంట్లు చేసుకోవడమే నడిచే దారి. కాబట్టి డిజైన్ డిగ్రీ చేయించండి. ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్‌కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు. పరీక్ష జనవరిలో, దరఖాస్తులు అంతకు ముందే ముగుస్తాయి. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) అప్లైడ్ ఆర్ట్ బీఎఫ్ఏ డిగ్రీ కూడా మంచిదే.

ఇక అసలు పని. కాగితం మీద పక్క అక్షరాన్ని చూసి వంపు మార్చుకోవచ్చు. ఫాంట్‌లో ఒకే 'క' ఏ అక్షరం పక్కనైనా ఒదగాలి. ఇంగ్లిష్ స్క్రిప్ట్ ఫాంట్లలో అక్షరాలు తోకలతో కలుస్తాయి, మనవి విడిగా నిలబడతాయి. ఆ తోకలు తెచ్చి తగిలిస్తే చిక్కే. తలకట్టు కొసను అందం కోసం లోపలికి తిప్పి మూసేస్తే 'క' కాస్తా 'కి' అయిపోతుంది! కిందికి జారే వత్తులదీ అదే తంటా: 'రాష్ట్రం', 'స్త్రీ' రాసి చూస్తే వత్తు కింది వరుస గుడిని తాకుతుందో లేదో తెలిసిపోతుంది.

35 హల్లులకు 12 గుణింత రూపాల లెక్కనే 420 అవుతాయి, వత్తులు వేరు. అంతా ఒకేసారి మొదలుపెట్టొద్దు. 'శ్రీరస్తు', 'శుభమస్తు', 'వివాహ ఆహ్వానం'లో ఉన్న అక్షరాలు చాలు. చదరపు మొన పెన్నును మొదటి నుంచి చివరి దాకా ఒకే కోణంలో పట్టి రాసి, స్కాన్ చేయాలి. బొమ్మ అంచులను కంప్యూటరే గీతలుగా మార్చే ఆటో ట్రేస్ మాత్రం వాడొద్దు. అది అవసరం లేని పాయింట్లు (గీత వంపును పట్టి ఉంచే చుక్కలు) గుప్పిస్తుంది, ఫ్లెక్సీ సైజుకు పెంచగానే అంచులు వణుకుతాయి. పైన, కింద, ఎడమ, కుడి కొసల్లో పాయింట్లు పెట్టి చేత్తోనే గీయాలి.

ఫాంట్‌లో అక్షరం గీసే 1000 యూనిట్ల గడిలో 20 యూనిట్ల సన్నగీత స్క్రీన్ మీద సొగసే. 24 పాయింట్ల అక్షర సైజులో అది అర పాయింటు మందం కూడా రాదు, కార్డు స్క్రీన్ ప్రింటింగ్‌లో తెగిపోతుంది. 40కి తగ్గకుండా ఉంచమనండి.

ఫాంట్ ప్రతి అక్షరానికీ అన్ని పరికరాల్లో ఒకే సంకేత సంఖ్య ఉండే యూనికోడ్‌లోనే చేయాలి. మన డీటీపీ షాపుల్లో యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల అలవాటు ఇంకా ఉన్నా, ఫోన్లో, వెబ్‌లో పనికొచ్చేది యూనికోడే. పేజీలు అమర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోతే ఫాంట్‌ను తిట్టే ముందు అందులో తెలుగు లాంటి లిపులను సరిగా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకున్నారో లేదో చూడండి. గూగుల్ ఫాంట్స్‌లోని రామభద్ర, సూరన్న లాంటివి ఎవరైనా ఉచితంగా వాడి మార్చుకోగల ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌వి, తెరిచి లోపలి అమరిక చదువుకోవచ్చు. వాటిని మార్చి చేసినవీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి.

ఫాంట్లు తయారుచేసే గ్లిఫ్స్ సాఫ్ట్‌వేర్ మ్యాక్‌లోనే నడుస్తుందని ఇప్పుడే మ్యాక్ కొనకండి. ఇంట్లో ఉన్న విండోస్ కంప్యూటర్‌లో అదే పని చేసే ఫాంట్‌ఫోర్జ్ ఉచితం, పైన చెప్పిన ఆ పెండ్లి కార్డు మాటలకు అది సరిపోతుంది.